సౌండు తగ్గించి చూసిన సినిమాలు

ఒక సినిమా బాగుందో లేదో తేల్చుకోవడానికి ఈమధ్య నాకు ఒక పద్ధతి దొరికింది. సౌండు బాగా తగ్గించి ఓ పది నిమిషాలు చూడాలి. మాటలు సరిగ్గా వినపడకపోయినా ఆ పది నిమిషాలు మనల్ని కూర్చోబెట్టగలిగితే అందులో సినిమా ఉన్నట్టు. లేదంటే రేడియో నాటకానికి బొమ్మలు అతికించారన్నమాట. ఇది పుస్తకాల్లో చదివి పట్టుకున్నది కాదు. ఉదయగిరిలో మా ఇంటి హాల్లో, ఏడాదిన్నరగా మా నాయన పక్కన కూర్చుని చూడ్డం వల్ల అబ్బింది.

మా నాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. పోయినేడాది వేసవిలో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి నాలుగైదు నెలలకి చాలావరకు దారికొచ్చింది గానీ మాట రాలేదు. దీన్ని అఫేసియా అంటారు. మెదడులో ఎడమవైపు దెబ్బ తగిలినవాళ్ళకి ఎక్కువగా వస్తుంది. మనిషికి మతి పోదు. ఎవరు ఎవరో తెలుసు, ఎవరు ఎంత బాకీ ఉన్నారో తెలుసు, కోపం తెలుసు, వెటకారం తెలుసు. చెప్పాలనుకున్న మాట మాత్రం నోటికి రాదు. వచ్చినా ఒకదాని బదులు ఇంకోటి వస్తుంది. ఎదుటివాళ్ళు గబగబా మాట్లాడితే సగం అందదు. మా నాయనకి ఇప్పుడు మిగిలిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సరే, కాదు, ఏంది, రేపు, మా అమ్మని పిలిచే ఏమే, ఆ పైన ఒక మూడు బూతులు. బూతులకి మాత్రం ఈగ వాలలేదు. నన్ను మా బాబాయి పేరుతో పిలుస్తాడు. పిలిచాక అది కాదని ఆయనకే తెలిసి, చేత్తో గాల్లో చెరిపేస్తాడు.

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. నెలలో రెండు వారాలు ఇంటి నుంచి చేసుకోవచ్చు. ఆ రెండు వారాలూ ఉదయగిరిలోనే ఉంటున్నాను. రాత్రి తొమ్మిదిన్నరకి ఆఖరి కాల్ అయిపోయాక టీవీ పెడతాం. మాటలు వేగంగా, పక్కన మ్యూజిక్‌తో కలిసి వస్తే నాయన అలసిపోతాడు. నుదురు ముడేసుకుని, కాసేపటికి మొహం పక్కకి తిప్పేస్తాడు. అందుకని సౌండు తగ్గించడం అలవాటైంది. మా అమ్మకి చెవులు బాగా పనిచేస్తాయి కాబట్టి ఆమెకి ఆ కాస్త సౌండు చాలు.

ఇంట్లో మొదటి క్రిటిక్ ఆయనే అని చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. ఉదయగిరి డిపోలో చేసినన్నాళ్ళూ నైట్ అవుట్ డ్యూటీ పడితే బస్సు ఏ ఊళ్ళో ఆగితే ఆ ఊళ్ళో సెకండ్ షో. ఆత్మకూరు, కావలి, బద్వేలు, నెల్లూరు. మర్నాడు పొద్దున మొదటి ట్రిప్పులో ఎక్కిన వాళ్ళు టికెట్‌తో పాటు టాక్ కూడా అడిగేవాళ్ళు. "కండక్టరు గారా, బొమ్మ ఎట్టుండాది?" అని. ఈయన నోరు విప్పేవాడు కాదు. టికెట్ మిషన్లు రాకముందు కండక్టర్ల చేతిలో పంచ్ ఉండేది గుర్తుందా, దాన్ని గాల్లో ఆడించేవాడు. టిక్ టిక్ అని రెండుసార్లు కొడితే తప్పక చూడాలి. ఒకసారి కొడితే టికెట్ డబ్బులకి సరిపోద్ది. పంచ్ జేబులో పెట్టేసుకుంటే ఇక అంతే సంగతులు. నేను ఇంజినీరింగ్ అయ్యాక అక్కడా ఇక్కడా రివ్యూలు రాయడం మొదలుపెట్టినప్పుడు ఓపిగ్గా చదివి, "ఇంత రాసినావు గదబ్బయా, ఇంతకీ చూడాల్నా వద్దా?" అని అడిగాడు.

ఇప్పుడు పంచ్ లేదు. ఎడమ చేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి నొక్కుతాడు. చప్పుడు రాదు. కానీ రెండుసార్లు నొక్కాడా, ఒకసారా అన్నది మా ఇంట్లో అందరికీ తెలుసు.

*

ఈ ఏడాదిన్నరలో చూసినవన్నీ ఇక్కడ రాయను. కొన్నిటి గురించే.

"నైంటీస్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్" మీలో చాలామంది చూసే ఉంటారు. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన ఆరు ఎపిసోడ్ల సిరీస్, ఆదిత్య హాసన్ తీశాడు. లెక్కల మాస్టారు శివాజీ, ఉప్మా చేసే తల్లి వాసుకి, ముగ్గురు పిల్లలు, మార్కులు. నా వయసు వాళ్ళకి అది పాత ఆల్బమ్ లాంటిది. నేను మొదటిసారి బెంగళూరులో నా గదిలో ఒక్కడినే చూసి తెగ నవ్వాను. ఇక్కడ సౌండు తగ్గించి రెండోసారి చూస్తే కనిపించింది వేరు. ఆ ఇంట్లో వస్తువులున్నాయి. ఆ కాలపు టీవీ ఉంది, స్కూటరు ఉంది, స్టీలు డబ్బాలున్నాయి. వాటితో మనుషులు చేసే పని తక్కువ. వస్తువు కనిపించగానే మనం "అరె, మా ఇంట్లోనూ ఉండేది" అంటాం, అక్కడికి దాని డ్యూటీ అయిపోతుంది. వాసుకి మాత్రం వేరు. ఆమె వంటింట్లో నిలబడే తీరు చూస్తే మాట వినకపోయినా ఆ ఇంట్లో డబ్బులు ఎంతున్నాయో తెలుస్తుంది. నాయన మొదటి ఎపిసోడ్ మధ్యలో మొహం తిప్పేశాడు. ఆమె వచ్చినప్పుడు మాత్రం మళ్ళీ టీవీ వైపు చూశాడు. నా మటుకు నాకు అది రాయదగ్గ రివ్యూనే.

"సివరపల్లి" పెట్టినప్పుడు నాకు వృత్తిరీత్యా కొంత కుతూహలం ఉంది. హిందీ "పంచాయత్" 2020లో వచ్చి పెద్ద హిట్టయింది. ఫులేరా అనే ఊరికి ఇష్టం లేకుండా వచ్చిన పంచాయతీ సెక్రటరీ కథ. దాన్ని 2024లో తమిళంలోకి, 2025 జనవరిలో తెలుగులోకి మార్చారు. తెలుగులో రాగ్ మయూర్ సెక్రటరీ. తెలంగాణ పల్లె, తెలంగాణ యాస. మా పనిలో దీన్ని పోర్టింగ్ అంటాం. ఒక సిస్టమ్ మీద నడిచే ప్రోగ్రామ్‌ని ఇంకో సిస్టమ్ మీదికి తేవడం. పైకి అంతా నడుస్తున్నట్టే ఉంటుంది. లోపల ఎక్కడో పాత సిస్టమ్‌కి మాత్రమే అర్థమయ్యే లైను ఒకటి మిగిలి ఉంటుంది. సివరపల్లిలో మాటలు వింటే అది తెలంగాణ. సౌండు తగ్గిస్తే సీను వెనక ఫులేరా కనపడుతుంది. పంచాయతీ ఆఫీసు ముందు ఖాళీ స్థలం, అక్కడికి మనుషులు వచ్చి నిలబడే వరస, వాళ్ళు ఒకరి కోసం ఒకరు ఎదురుచూసే తీరు అన్నీ అక్కడివే. తెలుగు పల్లెలో పంచాయతీ ఆఫీసు అంత నిశ్శబ్దంగా ఉండదు. రేషన్, పింఛను, కరెంటు, కొళాయి, గొడవ, అన్నీ ఒకేసారి గుమ్మంలో ఉంటాయి. రాగ్ మయూర్ మంచి నటుడు. ఆ చిరాకు అతని భుజాల్లో కూడా ఉంది. కానీ యాస మార్చినంత మాత్రాన ఊరు మారదు.

ఇక్కడ కాసేపు ఆగుతాను. యాస గురించి మా వాళ్ళకి ఎప్పటి నుంచో ఒక వెలితి ఉంది. శ్రీకాకుళం యాసకి "పలాస 1978" ఉంది, తెలంగాణకి "మల్లేశం", "బలగం" ఉన్నాయి, చిత్తూరుకి ఏకంగా "పుష్ప" ఉంది. నెల్లూరు జిల్లా పడమటి వైపు, ఆత్మకూరు, ఉదయగిరి, వింజమూరు ప్రాంతాన్ని మనసుపెట్టి తీసిన సినిమా నాకు తగల్లేదు. మా యాస తెర మీద వినపడితే ఎక్కువసార్లు కామెడీకే. ఒకప్పుడు నేను కూడా మన యాసలో ఒక మంచి సినిమా వస్తే చాలు అనుకునేవాణ్ణి. నాయన పక్కన కూర్చున్నాక ఆ కోరిక కొంచెం మారింది. మాట తీసేస్తే అందులో మా ఊరు ఎంత మిగులుద్ది అని అడగాలనిపిస్తోంది.

ఎందుకంటే మిగలడానికి ఇక్కడ చాలా ఉంది. ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చేస్తారు. కొండల్లో దొరికే కర్రతో, చేత్తో చెక్కుతారు. 2015లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చెక్కేవాళ్ళు కాళ్ళ మధ్య కర్ర బిగించి పట్టుకునే పద్ధతికి యాస అక్కర్లేదు. కువైట్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఇంట్లో ఆడవాళ్ళు సెల్ పట్టుకుని సిగ్నల్ కోసం మేడ మీదికి వెళ్ళే నడకకి అక్కర్లేదు. సోమశిల డ్యామ్ ఆత్మకూరుకి అంత దగ్గర్లో ఉన్నా, ఎండాకాలం ట్యాంకరు దగ్గర బిందెలు వరసలో పెట్టి మనుషులు నీడకి పోయే దృశ్యానికి డైలాగు ఏముంటుంది?

"పుష్ప" సంగతి వచ్చింది కాబట్టి అదీ చెప్తాను. దాని మీద నాకు చాలా అభ్యంతరాలున్నాయి, ముఖ్యంగా అందులో ఆడవాళ్ళని చూపించిన తీరు. అక్కకి ఆ పేరెత్తితేనే ఒళ్ళు మంట. కానీ ఈ సౌండు పరీక్షలో అది దర్జాగా పాసయింది. వెలిగొండల వెంబడి ఎర్రచందనం మా వైపు కూడా ఉంది. దుంగ మోసేవాడి ఒంట్లో బరువు ఎక్కడ ఆగుతుందో అల్లు అర్జున్ పట్టుకున్నాడు. ఒక పక్కకి ఎత్తిన ఆ భుజం చూడగానే వాడు ఎవడో తెలిసిపోతుంది. చిత్తూరు యాస లేకపోయినా వాడు కూలీనే. నాయన రెండుసార్లు నొక్కాడు. అక్క ఆ రోజు మాట్లాడలేదు.

"సినిమా బండి" మటుకు ముగ్గురం ఒప్పుకున్నాం. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, దర్శకుడు ప్రవీణ్ కండ్రేగుల. ఆటోలో ఎవరో మర్చిపోయిన కెమెరా ఒక ఆటో డ్రైవరుకి దొరుకుతుంది, ఊరివాళ్ళంతా కలిసి సినిమా తీయడం మొదలుపెడతారు. అందులో యాసా ఉంది, పనీ ఉంది. పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ ఆ పెద్ద కెమెరా పట్టుకునేటప్పుడు చేతులు ఎట్లా వణుకుతాయో చూడండి. తన పని తనకి తెలుసు అన్న గర్వం, ఈ వస్తువు తనది కాదన్న భయం రెండూ ఆ చేతుల్లో ఉంటాయి.

*

ఇవన్నీ మాట్లాడుకునేది ఎక్కడ అంటే ఇంట్లోనే. ఒకప్పుడు అట్లా కాదు. సినిమా అభిప్రాయం అనేది ఇంటర్వెల్లో టీ బంకు దగ్గర పుట్టి, బస్సెక్కి పక్క ఊరికి పోయేది. జిల్లా పడమటి ఊళ్ళలో నా చిన్నప్పటి హాళ్ళు కొన్ని గోడౌన్లయ్యాయి, కొన్ని కళ్యాణ మండపాలయ్యాయి. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన 35వ నంబరు జీవో ప్రకారం పంచాయతీల్లో ఏసీ లేని హాలుకి అతి తక్కువ టికెట్ 5 రూపాయలు, అన్నిటికంటే పై టికెట్ 15. ఆ రేటుకి కరెంటు బిల్లు కూడా రాదని ఆ డిసెంబరులో రాష్ట్రంలో చాలా హాళ్ళు మూసుకున్నారు. 2022 మార్చిలో రేట్లు సవరించారు. ఈ లోపల కరోనాలో ఫోన్లో సినిమా చూడ్డం అలవాటైన జనం మళ్ళీ హాలుకి రావడానికి పెద్ద హీరో సినిమా అయితే తప్ప బయల్దేరడం లేదు. ప్రేక్షకుడి జేబుకి తక్కువ టికెట్ మంచిదే. కానీ 5 రూపాయల టికెట్టు ఉన్నా హాలు లేకపోతే ఏం చేస్తాం? హాలు పోతే టాక్ కూడా పోతుంది. టాక్ ఇప్పుడు ఫోన్లో నక్షత్రాలై కూర్చుంది. అయిదుకి మూడు. మా నాయన పంచ్ కూడా అలాంటిదేగా అంటారేమో. కాదు. పంచ్ కొట్టేవాణ్ణి పొద్దున బస్సులో నిలదీయొచ్చు. "నువ్వు చెప్పినావని పోయినా, యాడ బాగుండాది?" అని గొడవ పెట్టుకోవచ్చు.

*

"సత్యం సుందరం" గురించి రాయాలా వద్దా అని కొంచెం తటపటాయించాను. తమిళంలో "మెయ్యళగన్", 2024 సెప్టెంబరులో వచ్చింది. ప్రేమ్ కుమార్ తీశాడు. ఆస్తి గొడవల్లో సొంత ఇల్లు వదిలేసి పట్నం పోయిన అరవింద్ స్వామి, ఇరవై ఏళ్ళ తర్వాత పెళ్ళికని సొంతూరు వస్తాడు. అక్కడ కార్తీ బావా బావా అంటూ వదలడు. ఒక రాత్రంతా పక్కనే ఉంటాడు, అన్నం పెడతాడు, పాత సంగతులన్నీ చెప్తాడు. ఇంత ప్రేమ చూపిస్తున్న ఈ మనిషి ఎవరో, పేరేంటో అరవింద్ స్వామికి గుర్తు రాదు. అడగడానికి సిగ్గు.

తెలుగు డబ్బింగులో ఊరిని గుంటూరు వైపుకి తెచ్చారు. తెర మీద మాత్రం తంజావూరు ప్రాంతపు ఇళ్ళు, కాలువలు. సివరపల్లికి వేసిన కొలతే దీనికీ వేస్తే ఇది ఇంకా పెద్ద అబద్ధం. అయినా నన్ను ఇబ్బంది పెట్టలేదు. ఎందుకా అని ఆలోచిస్తే నాకు తోచిన కారణం ఇది. ఈ సినిమా ఊరి గురించి చెప్పే విషయం చోటు పేరులో లేదు. అన్నం వడ్డించే చేతిలో ఉంది, సైకిల్ మీద వెయ్యి వేసి నిలబడటంలో ఉంది. సినిమా నిండా మాటలే, అయినా సౌండు తగ్గిస్తే అరవింద్ స్వామి మొహం మొత్తం కథ చెప్తుంది. పేరు గుర్తురాని మనిషి మొహం ఎట్లా ఉంటుందో నేను రోజూ చూస్తాను. ఎదుటివాళ్ళకి తెలియకూడదని నవ్వుతాడు, తలూపుతాడు, చెయ్యి పట్టుకుంటాడు. పేరు రాకపోవడం, మనిషి తెలియకపోవడం ఒకటి కాదని ఈ సినిమా చెప్పినంత ఓపిగ్గా ఇంకెవరూ చెప్పలేదు. ఆఖర్లో పేరు బయటికి వచ్చేటప్పుడు నేను టీవీ వైపే చూశాను, పక్కకి చూడలేదు. నాయన ఆ రోజు ఏమీ నొక్కలేదు. లేచి వెళ్ళి పడుకున్నాడు. నచ్చలేదో, మరీ నచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. అన్ని అభిప్రాయాలూ చెప్పి తీరాలని లేదు.

*

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. సింగీతం శ్రీనివాసరావు పుట్టింది ఉదయగిరిలో, 1931 సెప్టెంబరు 21న. ఈ సంగతి మా ఊళ్ళోనే చాలామందికి తెలియదు. బస్టాండు దగ్గర ఆయన పేరుతో బోర్డు లేదు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చే విషయం, యాస లేదని బాధపడే ఈ ఊళ్ళో పుట్టిన మనిషి అసలు మాటే లేని సినిమా తీయడం. 1987లో వచ్చిన "పుష్పక విమానం". కన్నడంలో "పుష్పక విమాన", హిందీలో "పుష్పక్", తమిళంలో "పేసుం పడం". పేసుం పడం అంటే మాట్లాడే సినిమా. ఆ వెటకారం చూడండి.

నాయనకి దీన్ని పూర్తి సౌండుతో పెట్టాను. ఎందుకంటే ఇందులో సౌండు ఉంది, మాట లేదంతే. బెంగళూరులో ఒక చిన్న లాడ్జి గది. ఉద్యోగం లేని కమల్ హాసన్. పక్కనే సినిమా హాలు. రాత్రుళ్ళు ఆ హాల్లోంచి వచ్చే ఫైటింగుల చప్పుడు మధ్యే వాడు నిద్రపోతాడు. తాగి పడిపోయిన ఒక ధనవంతుణ్ణి గదిలో కట్టేసి, వాడి తాళంతో పెద్ద హోటల్లో వాడి గదిలోకి చేరతాడు. మెత్తటి పరుపు మీద నిద్ర పట్టదు. అంత నిశ్శబ్దం వాడికి అలవాటు లేదు. అప్పుడు వెళ్ళి ఆ హాలు చప్పుడంతా టేప్ రికార్డరులో పట్టుకొచ్చి, పెట్టుకుని పడుకుంటాడు. ఆ సీనుకి నాయన నవ్విన నవ్వు నేను ఏడాది తర్వాత విన్నాను. నైట్ అవుట్ డ్యూటీల్లో బస్సులో, డిపో గదుల్లో, ఇంజన్ల చప్పుడులో పడుకున్న మనిషి ఆయన. రిటైరైన కొత్తలో ఇంట్లో నిద్ర పట్టడం లేదని మేడ మీద రోడ్డు వైపు మంచం వేసుకున్నాడు.

కమల్ తన జేబులోని నాణెం బిచ్చగాడికి గొప్పగా చూపిస్తే వాడు గుట్టలా నోట్లు తీసి చూపించే చోట మా అమ్మ నవ్వింది. కట్టేసిన మనిషి మలాన్ని గిఫ్టు ప్యాకెట్లలాగా చుట్టి బయట వదిలిపెట్టే చోట ఇద్దరూ నవ్వారు. రెండు గంటలపాటు నాయన ఒక్కసారి కూడా నుదురు ముడెయ్యలేదు. ఆ రెండు గంటలు మా హాల్లో ముగ్గురికీ సినిమా ఒకేలా అర్థమైంది. ఒకరు ముందు, ఒకరు వెనక లేరు. జబ్బు మనిషి, బాగున్న మనిషి అన్న తేడా సినిమా అయ్యేదాకా మాకు గుర్తు రాలేదు.

ఆఖర్న అమల వెళ్ళిపోతూ ఇచ్చిన చిరునామా కాగితం గాలికి కొట్టుకుపోతుంది. వాడు మళ్ళీ ఉద్యోగాల క్యూలో నిలబడతాడు. చాలామంది దీన్ని కామెడీగా గుర్తుపెట్టుకున్నారు. నా దృష్టిలో ఇది నిరుద్యోగం మీద మన దక్షిణాదిలో వచ్చిన అతి కఠినమైన సినిమాల్లో ఒకటి. మాట ఉంటే వాడు ఒక ఉపన్యాసం ఇచ్చేవాడు, మనం చప్పట్లు కొట్టి మర్చిపోయేవాళ్ళం. బెంగళూరులో ఇప్పుడు నాలాంటి వాళ్ళు లక్షల మంది బతుకుతున్నారు. లేఆఫ్ మెయిల్ వచ్చిన మర్నాడు కాఫీ షాపులో లాప్‌టాప్ తెరుచుకుని కూర్చునే కుర్రాళ్ళ మొహాల్లో ఆ క్యూ నాకు కనపడుతుంది. నాయన రెండుసార్లు నొక్కి, ఆగి, మూడోసారి కూడా నొక్కాడు. మా ఇంట్లో మూడు అనేది అంతకుముందు లేదు.

ఆ ఊపులో సింగీతం వరస మొదలుపెట్టాను. "ఆదిత్య 369" 2025 ఏప్రిల్ 4న కొత్త ప్రింటుతో మళ్ళీ విడుదలైంది. నేను బెంగళూరులో హాల్లో చూశాను, తర్వాత ఇక్కడ పాత ప్రింటు పెట్టాను. "పుష్పక"లో మంచు కత్తితో చంపడానికి తిరిగే టినూ ఆనంద్ ఇందులో టైమ్ మెషిన్ చేసిన ప్రొఫెసర్. 1991లో తీసిన ఈ సినిమాలో మెషిన్ 1526కి పోతుంది, కృష్ణదేవరాయల కొలువుకి. ఆ తర్వాత 2504కి. ముందుకి పోయిన భాగం ఇప్పుడు చూస్తే కొంచెం బొమ్మలాట. వెనక్కి పోయిన భాగం మాత్రం ఇంకా నిలబడే ఉంది.

మా మేడ మీద నిలబడితే కోట కొండ కనపడుతుంది. రాయలు 1513లో ఆ కోటని ముట్టడించి, 1514లో గజపతుల దగ్గర్నుంచి గెలుచుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీ తీసుకుపోయి 1515లో గుడి కట్టించాడు. అంటే సినిమాలో మెషిన్ దిగేసరికి మా కోట పడి పన్నెండేళ్ళు. సినిమాలో కొలువు చూస్తున్నంతసేపూ నాకు గెలిచినవాళ్ళ వైభవం ఒకటీ, కిటికీలోంచి కనపడే బోడి గోడలు ఒకటీ. ఉదయగిరిలో పుట్టినవాడు తీసిన సినిమా కాబట్టి ఆ మెషిన్ ఒక్క క్షణం ఇక్కడ కూడా ఆగితే బాగుండు అనిపించింది. ఇది విమర్శ కాదు, ఊరివాడి ఆశ.

*

మా అక్కది ఆత్మకూరు. గవర్నమెంటు స్కూల్లో టీచరు. నేను బెంగళూరు పోయే రెండు వారాలు నాయన అక్కడే ఉంటాడు. నా సినిమాల వరస మీద ఆమెకి గట్టి అభ్యంతరం ఉంది. "నువ్వు మాటల్లేని బొమ్మలు చూపిచ్చి ఆయనకి సుఖం అలవాటు చేస్తా ఉండావు. మాట రావాలంటే మాట చెవిన పడాల గదా" అంటుంది. నెల్లూరులో స్పీచ్ థెరపీ చేసేవాళ్ళు కూడా మాట్లాడిస్తా ఉండమనే చెప్పారు. అందుకని అక్క ఇంట్లో టీవీ అంటే "పాడుతా తీయగా". 1996లో ఈటీవీలో బాలు మొదలుపెట్టిన కార్యక్రమం. పాత ఎపిసోడ్లు యూట్యూబులో వెతికి పెడుతుంది. బాలు మా నెల్లూరు మనిషి. 2020లో, పోవడానికి కొన్ని నెలల ముందు, నెల్లూరులో తన ఇంటిని వేద పాఠశాలకి ఇచ్చేశాడు.

అక్కకి ఆ ప్రోగ్రాం పెట్టడానికి కారణం ఉంది. మాట పోయినవాళ్ళలో కొందరికి పాట పోదు. మాటకీ పాటకీ మెదడు ఒకే దారి వాడుకోదు. నీళ్ళు కావాలి అనలేని మా నాయన, పిల్లలు పాత ఘంటసాల పాట ఎత్తుకుంటే రెండో చరణం దాకా మాటలతో సహా పాడతాడు. తప్పు పోకుండా. బాలు మధ్యలో ఆపి, పిల్లవాడికి ఒక అక్షరం ఎట్లా పలకాలో చెప్తే, నాయన కూడా పెదవులు కదిలిస్తాడు. ఆ ప్రోగ్రాంలో నాకు పాటల కంటే ఈ ఆపడం ఇష్టం. తప్పుని దాచకుండా, పిల్లవాడు చిన్నబోకుండా సరిచేయడం రివ్యూలు రాసే మనందరం నేర్చుకోవాల్సింది.

నా వాదన నాది. రోజంతా మాట కోసం తన్నుకులాడే మనిషికి రాత్రి రెండు గంటలు ఆ బాధ లేని చోటు కావాలి. అక్క వాదన అక్కది. మాట వాడకపోతే ఉన్నవీ పోతాయి. ఫోన్లో మేమిద్దరం దీని మీద పోట్లాడుకుంటూనే ఉన్నాం. చిన్నప్పుడు చిరంజీవి, నాగార్జునల మీద పోట్లాడుకున్నదానికంటే ఘాటుగా. తేడా ఏంటంటే ఇప్పుడు తీర్పు చెప్పాల్సిన మనిషి మధ్యలో కూర్చుని ఇద్దరి వంకా చూసి "సరే" అంటాడు. అది ఎవరికి సరేనో చెప్పడు.

మా అమ్మ అభిప్రాయం ఎవరూ అడగలేదు గానీ ఆమె తనంతట తనే చెప్పేసింది. 2025 మేలో "శుభం" వచ్చింది. "సినిమా బండి" తీసిన ప్రవీణ్‌దే, సమంత నిర్మాత. భీమిలిలో ఒక కేబుల్ ఆపరేటర్, అతని స్నేహితులు. రాత్రి తొమ్మిది కాగానే వాళ్ళ భార్యలకి ఏదో పూనినట్టు సీరియల్ ముందు కూర్చుంటారు, కదిపితే దయ్యాలవుతారు. కథ రెండో సగంలో కాస్త చెదిరిపోయింది. కానీ మూల ఆలోచన బంగారం. రోజులో ఆ ఒక్క గంట తమ చేతిలో ఉండాలని ఆడవాళ్ళు పట్టుబడితే మగవాళ్ళకి అది దయ్యంలాగా కనపడుతుంది. ఆ కూర్చునే భంగిమలు సౌండు లేకుండా చూసినా భయమూ నవ్వూ రెండూ తెప్పిస్తాయి. అమ్మ దాన్ని మూడుసార్లు చూసింది. జబ్బు మనిషిని చూసుకునేవాళ్ళకి తమ గంట అంటూ ఒకటి ఉండదని నేను ఇక్కడ ప్రత్యేకంగా రాయక్కర్లేదు.

ఈ వారం అక్కకీ నాకూ ఒక ఒప్పందం కుదిరింది. "మాయాబజార్". 1957 సినిమా. కేవీ రెడ్డి దగ్గర సింగీతం అసిస్టెంటుగా పనిచేసింది దీనికే. పాటలున్నాయి కాబట్టి అక్క వాటా తీరింది. ఎస్వీ రంగారావు నోట్లోకి లడ్డూలు వాటంతటవే వచ్చి పడేచోట మాటలతో పనిలేదు కాబట్టి నా వాటా తీరింది. రోజుకి అరగంట చొప్పున చూస్తున్నాం, అక్క ఆత్మకూరులో, మేము ఉదయగిరిలో, మధ్యలో ఫోన్ స్పీకరు. నిన్న రాత్రి సావిత్రి ఘటోత్కచుడిలా నడిచే చోట అమ్మ రిమోట్ అందుకుంది.

"ఎన్నిసార్లు చూస్తార్రా దీన్నే. ఆ శుభం పెట్టు" అంది.

నాయన "కాదు" అన్నాడు. ఆ "కాదు" మాత్రం ఆయన అనాలనుకున్నదే.